పొడవైన మాటలు – వాని నిజానిజములు

ఇంగ్లీషు చదువుకొను బాలురు ఒకరినొకరు పరీక్షించుకొనుటకు వాడు మాట యొకటి కలదు: న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్. వారి లిపిలో 45 అక్షరములు. సన్నని రాతిధూళిని పీల్చుటచే ఊపిరితిత్తులకు కలుగు వ్యాధి యని దాని యర్థము. కాని ఏ వైద్యుడును రోగి మంచముకడ నిలిచి ఆ మాట పలుకడు; సిలికోసిస్ అని ఊరకుండును. 1935లో అమెరికాలోని జాతీయ ప్రహేళికా సంఘాధ్యక్షుడు, ఎల్లమాటలకంటె పొడవైన మాట కావలెనను కోరికతోనే దానిని కట్టెను. పిమ్మట నది నిఘంటువుల కెక్కినది. ఆక్సుఫర్డు నిఘంటుకారులు మాత్రము కృత్రిమపద మని దాని గుట్టు చెప్పివైచిరి.

జర్మనుల సంగతి వేరు. అచ్చట నొక రాష్ట్రమున గోమాంసపు చీటీల తనిఖీభారమును అప్పగించుటకై 1999లో చేసిన శాసనము పేరు 63 అక్షరముల యేకపదము. 2013లో శాసనము రద్దయ్యెను. మాటకును పని తీరినది. వికారమైన మాటయే గాని, దొంగమాట కాదు.

ఇక మన దేశపు మాట. విజయనగరమున అచ్యుతదేవరాయల యాస్థానమునందలి తిరుమలాంబ రచించిన వరదాంబికా పరిణయ చంపువున 195 అక్షరముల సంస్కృత సమాస మొకటి కలదు. రోమను లిపిలో వ్రాసిన 428 అగును. కంచిప్రాంతపు తుండీరదేశ వర్ణన మది. మావిచిగుళ్ల నీడలు, ఇసుకతిన్నెలు, వట్టివేళ్ల చలిపందిళ్లు, ఏలకులు లవంగములు కర్పూరము కస్తూరి గుబాళించు చల్లని నీరు పోయు కన్నెలు, దప్పి తీరిన బాటసారులు – ఇంతయు నొక్క పదమున నిమిడినది. సమాసబాహుళ్యము గద్యమునకు ప్రాణమని దండి యెన్నడో చెప్పెను గదా!

ఇది నిఘంటువున లేదు కావున మాటయే కాదని కొంద రాక్షేపింతురు. నా కది సమ్మతము కాదు. విగ్రహవాక్యము చెప్పినచో ప్రతి ముక్కయు విడివడి తన యర్థము తాను చెప్పుకొనును. బాటసారి నీడనుండి నీటికి నడచినట్లు, పదమును నడచినది. ఆ యింగ్లీషు మాట విప్పినచో వ్యాధి యొకటియే మిగులును. దానికి చిన్నపే రదివరకే యున్నది. అయినను 195 అక్షరములు ఒక్క యూపిరిలో చదువుమన్నచో నేను వెనుదీయుదును.

అంత దూర మేల? రాత్రి బండికి రావలసిన చుట్టము తెల్లవారినను ఇల్లు చేరనిచో, వాకిట నిలిచిన ముసలమ్మ “రాకపోయియుండవచ్చునేమో” యనును. పది యక్షరములు. రాకపోవుటయు, అందుకు వీలును, తన సందేహమును అందే చెప్పినది. ఆ రూపము ఏ నిఘంటువునను కానరాదు. ఆమెయు నందుకై వెదకుకొనలేదు. ఆమె చూపంతయు వీధిమలుపుమీదనే యున్నది.