పల్లీల నేలలో పొడి డబ్బాలెందుకు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో యాసంగి వచ్చిందంటే ఎటు చూసినా పల్లి చేలే. నూరు గ్రాముల పల్లీల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఇలాంటి నేల మీద పెరిగే పదహారేళ్ల పిల్లలు కండల కోసం వేలు పోసి ప్రొటీన్ పొడి డబ్బాలు కొనాలా? అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 16 నుంచి 18 ఏళ్ల అబ్బాయికి రోజుకు కావలసింది దాదాపు 55 గ్రాముల ప్రొటీన్, అమ్మాయికి 46. రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, జొన్నరొట్టెలు, గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన పల్లీలు తింటే చాలావరకు వచ్చేస్తుంది. కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని అదే సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో సూటిగా చెప్పింది.

అంతకంటే నాకు ఎక్కువ భయం కసరత్తుకు ముందు తాగే ప్రీ వర్కౌట్ పొడులంటే. చాలావాటిలో కెఫీన్ దండిగా ఉంటుంది. గుండెదడ పుడుతుంది, నిద్ర చెడుతుంది. కండబలం కోసం వాడే మరో పొడి క్రియాటిన్‌ను పెద్దవాళ్ల మీద బాగా పరీక్షించారు, పిల్లల మీద పరిశోధన తక్కువ. అందుకే అమెరికా పిల్లల వైద్యుల సంఘం పిల్లలకు అది వద్దంటోంది. ఇక స్టెరాయిడ్లు కలిపిన కల్తీ సరుకు మరీ ప్రమాదం. ఎముకల ఎదుగుదల ముందే ఆగి, ఎత్తు పెరగకుండా పోవచ్చు.

కసరత్తు మానమని కాదు. కబడ్డీ ఆడండి, దండీలు తీయండి, కడుపునిండా తిని ఎనిమిది గంటలు నిద్రపోండి. తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఇప్పటికే పొడి వాడుతుంటే కోప్పడకండి. ఆ డబ్బా పట్టుకుని, వాణ్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు చూపించండి.