యంత్రమునకు దుబాసీ

పశువుల సంతలో బేరగాండ్రు తువాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని ధర తెలుపుకొనుట మన పల్లెలవారు ఎరిగినదే. ఆ సంజ్ఞలు తెలియనివానికి అచట బేరమే వినబడదు. కుల్కచర్లలోని ఇంటనైనను, మరి ఏ దేశమునందైనను, లినక్సు నడుచు కంప్యూటరుకు దారితప్పిన ఆటల కంట్రోలరును తగిలించినచో జరుగునది ఇట్టిదే.

యూఎస్‌బీ కంట్రోలరులు సాధారణముగా తమ మీటలెన్నియో, ఏ సమాచార మెచట నుండునో ఒక ఉమ్మడి పద్ధతిలో తామే విన్నవించుకొనును. 2001లో అమెరికాలో వెలువడిన ఎక్స్‌బాక్స్ కంట్రోలరు అట్లు చేయదు. లోపలిది యూఎస్‌బీయే, కాని ప్లగ్గు ఆకారము వేరు. తన జాతి యేదన్న 88, 66 అనును. అవి ఎక్స్, బి అను ఆంగ్లాక్షరముల సంకేతములు!

దీనికి 2002లో మార్కో ఫ్రీడమన్ అను నాతడు ‘ఎక్స్‌ప్యాడ్’ అను డ్రైవరును వ్రాసెను. డ్రైవరనగా దుబాసీ. ఇట్టి దుబాసీ పనికి ఓర్పే పెట్టుబడి. ఒక్కొక్క మీటనే నొక్కి, వచ్చు అంకెలలో ఏది మారెనో గుర్తింపవలెను. ఈ కంట్రోలరు పంపు ప్రతి వార్తలో 20 బైట్లుండును. మూడవ బైటులో నాలుగు దిక్కుల మీటలు; అటుపిమ్మట 0 మొదలు 255 వరకు వ్రేలి ఒత్తిడి; చివర రెండు పుల్లల కదలికలు.

అర్థము తెలిసినంతమాత్రమున అనువాదము సరియగునా? కాదు. ఎడమకు ఒకటి తీసివేసి, కుడికి ఒకటి కలుపుట వాడుక. చేతి కంట్రోలరుకు అది చాలును. కాని అదే భాష మాటలాడు నాట్యపు చాపపై బాలిక రెండు పాదములను ఎడమకుడి బాణములపై ఒక్కసారి మోపినచో, లెక్క సున్న యగును. ఆమె అడుగు వేసినను వేయనట్లే! అందుచేత చాపల విషయమున ప్రతి బాణమును ప్రత్యేకమైన మీటగా చెప్పు ఏర్పాటు ఆ డ్రైవరులో చేరినది.

మేము ముఖ్యముగా మనవి చేయునది ఇది. లినక్సు మూలపాఠమును ఎవరైనను చదివి, దిద్ది, పంచుకొనవచ్చును. కావుననే ఒకరి అనువాదములో పోయిన అడుగును మరియొకరు నిలుపగలిగిరి. పలుకని పరికరమెల్ల పాడయినది కాదు. దుబాసీ దొరకనిదియు కావచ్చును. మూలకు చేర్చుటకు ముందు మన యింటి విద్యార్థి చేతికి దాని నొకసారి ఇచ్చి చూతము.