పెళ్ళికి తోట చూసేటప్పుడు

(మెట్టుగూడలో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ల మీద, వైద్య సదుపాయాల మీద మాట్లాడగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు, "మీ కెమెరా సంగతులు చెప్పండి" అన్నారు. ఈమధ్య మన ఇళ్ళలో మనవలు, మనవరాళ్ళ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. పిల్లలు ఫంక్షన్ హాలు వద్దంటున్నారు. ఊరి బయట తోట కావాలి, చెరువు గట్టు కావాలి అంటున్నారు. ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట వైపు చోటు చూడటానికి మనల్నీ కార్లో ఎక్కించుకుపోతున్నారు. అక్కడ ఏం చూడాలో నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

ఉద్యోగం చేసేటప్పుడు సెలవురోజుల్లో తోటి ఉద్యోగుల ఇళ్ళలో పెళ్ళి ఫోటోలు తీసేవాణ్ణి. ఫిల్ము, కడిగించిన ఖర్చులు మాత్రమే తీసుకునేవాణ్ణి. మొదట్లో 120 ఫిల్ము, రోలుకు పన్నెండే ఫోటోలు. అందుకని ఒక్కొక్కటీ ఆచితూచి తీయడం అలవాటైంది. అంత అలవాటున్నా ఒకసారి పెద్ద పొరపాటు చేశాను.

1989 వేసవిలో మా సెక్షన్‌లో పనిచేసే మిత్రుడి కూతురి పెళ్ళి. ఆయనకు ఘట్‌కేసర్ అవతల బంధువుల మామిడితోట ఉంది. "మీరే చూసి చెప్పండి, ఫోటోలు బాగా రావాలి" అన్నాడు. ఆఫీసు అయ్యాక సాయంత్రం వెళ్ళి చూశాను. చెట్ల సందుల్లోంచి పచ్చటి ఎండ ఏటవాలుగా పడుతోంది. అంతకంటే మంచి చోటు దొరకదని చెప్పేశాను.

ముహూర్తం పగలు పదిన్నర దాటాక. ఆ వేళకు నేను మెచ్చిన వెలుతురు లేదు. ఆకుపచ్చా ఎరుపూ చారల షామియానా వేశారు. ఎండ ఆ గుడ్డలోంచి దిగి సగంమంది ముఖాలు ఆకుపచ్చగా, సగంమందివి ఎర్రగా వచ్చాయి. రెండు షామియానాల మధ్య సందులోంచి పడిన ఎండకు పెళ్ళికొడుకు భుజం తెల్లగా కాలిపోయినట్టు వచ్చింది. అంతటితో పోతే బాగుండేది.

రోడ్డు నుంచి మండపానికి దున్నిన చేలోంచి నడవాలి. పెళ్ళికూతురి నానమ్మకు మోకాళ్ళ నొప్పులు. మట్టిగడ్డల మీద అడుగు వేయలేక కారులోనే కూర్చుండిపోయింది. నలుగురు కలిసి ఆమెను కుర్చీలో మోసుకొచ్చేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది, తాళి కట్టడమూ అయిపోయింది. ఆ దీపావళికి ముందే ఆమె కాలం చేసింది. తర్వాత ఆ అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు ఆల్బం ముందు పెట్టుకుని, "బాబాయిగారూ, తాళి కట్టేటప్పుడు నానమ్మ ఏదీ?" అని అడిగింది. ఆమెను పెంచింది ఆ నానమ్మే. నా దగ్గర జవాబు లేదు. నేను చెట్లను చూశాను గాని దారి చూడలేదు.

కాబట్టి మొదటి మాట. ముహూర్తం ఏ వేళకో ఆ వేళకే వెళ్ళి చోటు చూడండి. మన పెళ్ళిళ్ళలో తెరసెల్లా తీశాక వధూవరులను పక్కపక్కన సాధారణంగా తూర్పుముఖంగా కూర్చోబెడతారు. పురోహితుణ్ణి ముందే అడిగి తెలుసుకోవాలి. ఉదయం ఏడెనిమిది గంటల ముహూర్తమైతే ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంది. తూర్పున చెట్ల వరుస ఉన్న చోటు మేలు. సాయంత్రమైతే పొద్దు వీపు వెనక ఉండి ముఖాలు నల్లబడతాయి. మండపం వెనక మందపాటి తెర కట్టించాలి. మిట్టమధ్యాహ్నం ఆరుబయట కూర్చోబెడితే బాసికం నీడ కళ్ళ మీద పడుతుంది. మే నెలలో మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వస్తాడు గదా.

రెండోది పందిరి. రంగుల గుడ్డ వద్దు. తాటాకు పందిరి వేసి లోపల తెల్లగుడ్డ కడితే వెలుతురు అందరి మీదా సమానంగా పడుతుంది. కరెంటు దీపాలు లేని 19వ శతాబ్దంలో మన సికింద్రాబాదులోనే రాజా దీన్‌దయాళ్ స్టూడియో నడిపారు. ఆ రోజుల వారికి పగటి వెలుతురే పెట్టుబడి. రాత్రి ముహూర్తమైతే తాళి కట్టేవేళ మండపం మీద ఊదా, నీలం లైట్లు ఆపమని డెకరేషన్ వాళ్ళకు ముందే చెప్పండి. గాలి ఎటు వీస్తుందో చూసి, జనరేటరును దాని పొగ మండపం మీదికి రానంత దూరంలో పెట్టించండి.

మూడోది ఆకాశం. ఊళ్ళో పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపించమంటే పురోహితుడు సీలింగు వైపు చెయ్యి చూపిస్తాడు, దంపతులు తల ఊపుతారు. ఊరి బయట నిజంగానే చూపించవచ్చు. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి సప్తర్షి మండలం ఉత్తరాన సగం ఆకాశం ఎత్తులో ఉంటుంది. అందులో వశిష్ఠుడి పక్కనే సన్నగా అరుంధతి. ఉత్తరాన చెట్లూ పెద్ద లైట్లూ అడ్డు లేకుండా చూసుకోండి. అది ఫోటోలో రాకపోయినా, పైకి చూసే ఆ ఇద్దరి ముఖాలు వస్తాయి.

శంషాబాద్ దగ్గర అమ్మపల్లి గుడిలాంటి చోట్ల కోనేరు, రాతి మండపాలు ఫోటోల్లో చాలా బాగుంటాయి. అయితే పగటివేళ బండలు కాలుతాయి, మనమేమో చెప్పులు విడిచి నడవాలి. కీసరగుట్టలాంటి చోట ఎక్కుడుంటుంది. అందుకే నాలుగో మాట చెబుతున్నాను, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చోటు చూడటానికి వెళ్ళేటప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దవారిని వెంట తీసుకెళ్ళండి. కారు దిగిన దగ్గర్నుంచి మండపం దాకా వారిని నడవనివ్వండి. బాత్రూము ఎంత దూరమో, మెట్లెన్నో వారే చెబుతారు. వారి కుర్చీ మండపం పక్కన ఎక్కడ వేయాలో నిర్ణయించాకే కెమెరా మనిషి తన చోటు వెతుక్కోవాలి.

పోయిన సంవత్సరం ఫోను మోగింది. "బాబాయిగారూ, మా అమ్మాయి పెళ్ళి. చోటు మీరే చూడాలి" అంది. ఆ మామిడితోట అమ్మాయే. మాట రాలేదు కాసేపు. ముహూర్తం వేళకే మూడు చోట్లు చూశాం. వాళ్ళ అమ్మగారు కర్ర సాయంతో నడిచారు. మొదటి చోట మెట్లు, రెండో చోట గులకరాళ్ళు. మూడోది చూడటానికి మామూలు కొబ్బరితోట, చెరువూ లేదు ఏమీ లేదు. కారు మండపం దాకా వస్తుంది. పెళ్ళిపిల్లకు కాస్త చిన్నబుచ్చుకున్నట్టయింది గాని తల్లి ఒప్పించింది.

ఫోటోలు వేరే కుర్రాడు తీశాడు, నా చెయ్యి ఇప్పుడు నిలవదు. ఆల్బం చూశాను. తాళి కట్టే ఫోటోలో, పెళ్ళికూతురి కుడిపక్కన అమ్మమ్మ కుర్చీలో కూర్చుని రెండు చేతులా అక్షింతలు వేస్తోంది.

రాబోయే మాఘమాసంలో ఎవరింట్లోనైనా పెళ్ళి ఉంటే చెప్పండి, చోటు చూడటానికి వస్తాను. దారిలో ఒక టీ ఇప్పిస్తే చాలు.