తండ్రిగారి ఇల్లు
(దోర్నకల్ అధ్యక్ష మండల శతాబ్ది సందర్భమున స్త్రీల మైత్రి పక్షమున చేసిన ప్రసంగము)



వేదనాయకం సామ్యేలు అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అనియు, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అభిషేకము పొందారనియు మన బడిపిల్లలు కూడ చెప్పగలరు. ఆయన పరిచర్యను గురించి పెద్దలు చక్కగా చెప్పుదురు. మేము చెప్పదలచినది వేరు. బిషప్పు కాకమునుపే ఆయన పదునాలుగు ఏండ్లుగా ఒక ఇంటికి యజమానుడు. ఆ ఇంటిని గురించి నాలుగు మాటలు చెప్పుటకు సెలవు కోరుచున్నాము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతములోని వెళ్లాళన్‌విళై అను గ్రామములో ఒక గురువుగారి ఇంట పుట్టారు. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని, తల్లి ఎలెన్‌గారి భక్తిలోను, క్రమశిక్షణలోను పెరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. దక్షిణ భారత క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె ఒకరు. ఆ పెండ్లిలో కట్నము అడుగలేదు, ఆడంబరము చేయలేదు. నూరేండ్లకు పైబడిన ఆ మాటను మేము పనిగట్టుకొని ఇక్కడ చెప్పుచున్నాము. ఎందుకో మీకు తెలియును.

1909లో గురువుగా అభిషిక్తులై ఆయన నైజాం రాజ్యములోని దోర్నకల్‌కు వచ్చారు. వారి మాతృభాష తమిళము. ఇక్కడివారిది తెలుగు. ఊరు కొత్త, భాష కొత్త, అప్పటికి వసతులు లేవు. మొదట గుడారమే ఇల్లు. పెద్ద చదువు చదివిన ఇల్లాలు ఇట్టి చోటికి వచ్చి, తెలుగు పలుకులు నేర్చి, మన అవ్వల ప్రక్కన కూర్చొని మాట్లాడుట చిన్న సంగతి కాదు. గ్రామ సంచారములలో ఎడ్లబండి మీద ఆమె కూడ ఆయనతో ప్రయాణము చేశారు. మదర్స్ యూనియన్ అను తల్లుల సంఘమును మన మండలములో నడిపించారు. నలుగురు కొడుకులను, ఇద్దరు కూతుళ్లను పెంచుచునే ఈ పనులన్నియు చేశారు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో అజరయ్యగారు మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, మాకు కావలసినది స్నేహము అని నిర్భయముగా అడిగారు. బయటివారిని సమానత్వము అడుగుట సులభము. ఇంటిలో దానిని ఇచ్చుట కష్టము. అజరయ్యగారు భార్యను తన పనికి సహాయకురాలిగా మాత్రమే కాక, పనిలో భాగస్వామిగా ఎంచారు. అందుచేతనే ఆయన మాటకు బరువు కలిగినదని మా నమ్మకము.

ఆయన కాలములో మన సంఘములు రెండు లక్షలకు పైగా విశ్వాసులుగా పెరిగినవి. వారిలో ఎక్కువమంది కూలినాలి చేసుకొను పేదలు. వీరు ఇవ్వలేరని ఆయన ఎన్నడును అనుకొనలేదు. వంటకు బియ్యము తీయునప్పుడెల్లను మన అవ్వలు ఒక గుప్పెడు వేరే కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చేవారు. ఒక్కొక్క గుప్పెడు చూచిన లెక్కకు రాదు. అయినను బడిపంతులు జీతమునకును, గుడి ఖర్చునకును ఆ గుప్పెళ్లే ఆధారము. ‘క్రైస్తవ దానము’ను గూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాశారు, మన అవ్వలు ఆ పాఠమును పొయ్యి దగ్గర నేర్చుకొన్నారు.

మన పెద్దలు ఆయనను ‘తండ్రిగారు’ అని పిలిచేవారు. బిషప్పుగారు అనుటకంటె అది ఎక్కువ మాట. ఆయన చేతి క్రింద బాప్తిస్మము పొందినవారి మనుమలమును, మునిమనుమలమును నేడు ఈ పందిరి క్రింద కూర్చున్నాము. ఆ వరుసన ఆయన మనకు తాతగారే.

ఎపిఫనీ కథీడ్రల్ ఎన్నో ఏండ్ల కష్టము తరువాత 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. ఆరేండ్లకు, 1945 జనవరి 1న, తండ్రిగారు ఈ దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆయన ఎంతో ప్రయాసపడిన సంఘైక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరినది. ఆయన దానిని కన్నులార చూడలేదు. అయితే మంచి తండ్రి తాను నాటిన చెట్టు కాయలు తానే తినవలెనని కోరడు గదా!

సహోదరులారా, సమాధి మీద పూలమాల వేయుట మంచిదే. కాని ఆ మాల వేసిన చేతులతోనే మనము కొడుకు పెండ్లికి కట్నము లెక్కపెట్టుకొనినయెడల, తండ్రిగారిని జ్ఞాపకము చేసికొన్నట్లు ఎట్లగును? కట్నము తీసికొనని పెండ్లి, భార్యాభర్తలు కలిసి చేయు కుటుంబ ప్రార్థన, దేవునికై వేరుపరచిన ఒక గుప్పెడు — ఈ మూడును మన ఇండ్లలో ఉన్నయెడల ఆయన మన మధ్య ఉన్నట్లే. వీటిని మా ఇండ్లలో మొదలుపెట్టుదుమని స్త్రీల మైత్రి పక్షమున మేము మాట ఇచ్చుచున్నాము. మీరును చేయి కలుపుడని మనవి.

దేవునికే మహిమ కలుగును గాక. ఆమేన్.