పాన్సీ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న



ఈ సాయంత్రం మనం చూసిన 'హార్డ్ ట్రూత్స్' 2024లో టొరంటో చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శించిన సినిమా. దర్శకుడు మైక్ లీ 1943లో పుట్టారు. ఎనభై దాటిన వయసులో తీసిన ఈ సినిమాకి ఆయన ఎంచుకున్న వస్తువు చాలా చిన్నది: ఇంట్లో ఒక మనిషికి సంతోషం లేదు, ఆ మనిషితో మిగతావాళ్లు బతకాలి. తుపాకులు లేవు, ఆస్తి తగాదాలు లేవు. అయినా గంటా ముప్పై ఏడు నిమిషాల పాటు మనల్ని కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వలేదు. ఎందుకో ఆలోచిద్దాం.

కథ లండన్‌లో, కరీబియన్ మూలాలున్న ఒక కుటుంబంలో జరుగుతుంది. పాన్సీ కేక పెట్టి నిద్ర లేస్తుంది. లేచింది మొదలు తుడవడం, కడగడం. ఇల్లు అద్దంలా మెరుస్తుంటుంది గానీ అందులో ఎవరూ సుఖంగా కూర్చున్నట్టు కనపడదు. పెరట్లోకి నక్క వస్తే హడలిపోతుంది. బయటికి వెళ్తే సూపర్ మార్కెట్ క్యూలో గొడవ, కార్లు ఆపేచోట గొడవ, సోఫాలు అమ్మే షాపులో గొడవ. డాక్టరునీ వదలదు, పంటి డాక్టరునీ వదలదు. భోజనాల బల్ల దగ్గర లోకం మీద తన ఫిర్యాదులన్నీ ఏకరువు పెడుతుంటే భర్త కర్ట్‌లీ, ఇరవై రెండేళ్ల కొడుకు మోజెస్ తల వంచుకుని తింటారు.

మొదటి అరగంటలో మనకి నవ్వొచ్చింది. కుక్కలకి కోటు తొడగడం ఏమిటి, చంటిపిల్లల గౌనుకి జేబు ఎందుకు అని ఆవిడ విరుచుకుపడుతుంటే ఆ మాటల పదును నవ్విస్తుంది. గయ్యాళి నోటికి నవ్వడం మనకి కొత్త కాదు. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'లో సూర్యకాంతం గారి నోటికి తెలుగుదేశమంతా నవ్వింది. అక్కడ కథ ఒప్పందం స్పష్టంగా ఉంటుంది. గుండమ్మ నోరు సవతి కూతురిని కష్టపెడుతుంది, చివరికి తనకంటే పెద్ద గయ్యాళి చేతిలో తానూ కష్టపడుతుంది, కళ్లు తెరుచుకుంటాయి, అందరూ ఒక్కటవుతారు. మనం తేలికైన మనసుతో ఇంటికి వెళ్తాం. ఆ సినిమా గొప్పదనం నా దృష్టిలో తక్కువేమీ కాదు. కానీ మన ఇళ్లలో ఎంతమంది పెద్దమ్మలకి, మేనత్తలకి, నాన్నలకి అలా చివరి రీలులో కళ్లు తెరుచుకున్నాయి? మైక్ లీ ఆ చివరి రీలు లేని ఇంటిని చూపించారు. అందుకే మన నవ్వు సగంలో ఆగిపోయింది. అప్పటిదాకా పక్కింటివాళ్లలా పాన్సీ అరుపులు విన్నాం. అక్కడి నుంచి ఆ ఇంట్లో మనుషులమయ్యాం.

నేను ఈ సాయంత్రం మీతో ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది కర్ట్‌లీ గురించి. ప్లంబర్ పని చేసుకునే నెమ్మదస్తుడు. పల్లెత్తు మాట అనడు. మన బంధువుల్లో ఇలాంటి మనిషి ఉంటే ఏమంటాం? "పాపం, ఎంత ఓర్పు! ఇంకొకడైతే ఎప్పుడో వదిలేసేవాడు" అంటాం. సినిమా కూడా చాలాసేపు మనల్ని అలాగే అనుకోనిస్తుంది. ఆ తర్వాత పూల సన్నివేశం వస్తుంది. మదర్స్ డేకి మోజెస్ తల్లి కోసం పూలు కొన్నాడు. చెల్లెలి ఇంట్లో ఆ సంగతి తెలిసి పాన్సీ ముందు నవ్వుతుంది, ఆ నవ్వు ఆగకుండా ఏడుపైపోతుంది. అందరి ముందూ ఏడుస్తుంది. ఇంటికి వచ్చాక ఆ పూలని కర్ట్‌లీ పెరట్లోకి విసిరేస్తాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆ ఇంట్లోకి వచ్చిన ఒక్క మంచి వస్తువుని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా పారేశాడు. ఆ క్షణంలో నాకు తెలిసింది: అప్పటిదాకా మనం ఓర్పు అనుకున్నది ఓర్పు కాదు. లోపల ఎప్పుడో తలుపు వేసుకున్న మనిషి మౌనం అది. ఓర్చుకునేవాడు ఎదుటి మనిషి బాధ ఏమిటా అని చూస్తూనే ఉంటాడు. కర్ట్‌లీ చూడటం మానేశాడు.

పాన్సీ అరుపు మనకి వినిపిస్తుంది కాబట్టి తప్పు ఆవిడ మీదికే పోతుంది. మాట్లాడని మనిషి చేసే గాయం ఎవరి లెక్కలోకీ రాదు. దీన్ని లెక్కలోకి తెచ్చినందుకు మైక్ లీకి నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు పాన్సీ చెల్లెలు శాంటెల్‌ని చూడండి. ఆమె పని హెయిర్ సెలూన్‌లో. జుట్టు అల్లుతూ వచ్చినవాళ్ల కష్టసుఖాలు వింటుంది. ఇంట్లో ఇద్దరు కూతుళ్లు, ఎప్పుడూ నవ్వులు. తల్లి సమాధి దగ్గర అక్కని ఆమె సూటిగా అడుగుతుంది: నువ్వెందుకు సంతోషంగా ఉండలేకపోతున్నావు? సినిమా మొత్తంలో పాన్సీని ఆ మాట అడిగింది ఒక్క శాంటెలే. పాన్సీకి జవాబు తెలియదు. తెలియదనే అరిచి చెబుతుంది. నువ్వు నాకు అర్థం కావు, అయినా నువ్వంటే నాకు ప్రేమ అని చెల్లెలు చెప్పేస్తుంది. నేను చూసిన ప్రేమ సన్నివేశాల్లో ఇంత నిజాయితీ ఉన్నవి తక్కువ. అర్థం చేసుకున్నాకే ప్రేమిస్తానని ఆమె షరతు పెట్టలేదు. అలాగని అక్క మాటలకి తల ఊపుతూ కూర్చోనూ లేదు.

ఈ ఇద్దరి మధ్య ఆ చనువు నటనలా అనిపించకపోవడానికి కారణం ఉంది. పాన్సీగా నటించిన మరియాన్ జాన్ బాప్టిస్ట్, శాంటెల్‌గా నటించిన మిషెల్ ఆస్టిన్ 1996లోనే మైక్ లీ 'సీక్రెట్స్ అండ్ లైస్'లో స్నేహితురాళ్లుగా కనిపించారు. పైగా మైక్ లీ ముందే రాసుకున్న స్క్రిప్టుతో పని మొదలుపెట్టరు. నటీనటులతో చాలా రోజులు కూర్చుని ఒక్కో పాత్ర పుట్టుపూర్వోత్తరాలు కట్టుకుంటూ వస్తారు. ఏ నటుడికైనా తన పాత్రకి తెలిసినంత వరకే కథ తెలుస్తుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మనసు ఒకరికి తెలియని ఈ కుటుంబానికి ఇంతకంటే తగిన పద్ధతి ఉంటుందా! ఆ ముఖాలను అంత దగ్గరగా, అంత మర్యాదగా చూపించిన ఛాయాగ్రాహకుడు డిక్ పోప్ 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయనకి ఇదే ఆఖరి సినిమా.

పాన్సీకి ఉన్న జబ్బు పేరేమిటో సినిమా చెప్పలేదని కొందరికి అసంతృప్తి. చిన్నతనం గురించి, తల్లి గురించి ఒకటి రెండు మాటలు దొర్లుతాయి, అంతే. పేరు పెట్టి ఉంటే మనకి సుఖంగా ఉండేది. ఇది డాక్టర్లు చూసుకునే సంగతి అని చేతులు దులుపుకునేవాళ్లం. వైద్యం కావలసిన చోట వైద్యం చేయించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ డాక్టరు దగ్గర గడిపేది కొద్ది నిమిషాలు. మిగతా రోజంతా గడిచేది ఆ భోజనాల బల్ల దగ్గరే.

అడిగితే చాలు, మనిషి మారిపోతుందని ఈ సినిమా అబద్ధం చెప్పదు. శాంటెల్ అడిగింది, పాన్సీ మారలేదు. చివర్లో కర్ట్‌లీ నడుం పట్టేసి కింద కూర్చుంటే ఆవిడ పై గదిలోనే ఉండిపోతుంది. అయితే అడిగిన ఆ ఒక్క రోజే ఆవిడ ఏడవగలిగింది. కొడుకు సంగతి కూడా చూడండి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఊరంతా ఒంటరిగా తిరిగే మోజెస్‌ని పికడిల్లీలో ఎవరో అమ్మాయి పలకరిస్తే వాడి ముఖం ఎలా విప్పారిందో మనమంతా చూశాం. కష్టపెట్టే మనిషినే కాదు, ఆ మనిషి నీడలో పెరిగేవాళ్లనీ ఎవరో ఒకరు అడగాలి.

ఇక్కడ కూర్చున్న మనలో చాలామంది ఇళ్లలో ఒక పాన్సీ ఉండే ఉంటారు. ఆవిడ అరుస్తున్నప్పుడు అడగకండి, దానివల్ల లాభం లేదు. కాస్త నెమ్మదించినప్పుడు పక్కన కూర్చుని అడగండి. జవాబు రాకపోతే ఇంకో రోజు మళ్లీ అడగండి. నోరు మూసుకుని భరించడాన్ని మాత్రం ఇక మీదట మంచితనంగా మెచ్చుకోవద్దు. ఆ మెప్పు కర్ట్‌లీలను తయారుచేస్తుంది.

నా మాట అయింది. ఇక మీ మాట వినాలని ఉంది. చర్చకి మైకు మీకు ఇస్తున్నాను.