ఒకరి నుంచి ఎందరికి?



ఇంట్లో ఒకరికి జలుబు చేస్తే ఒక్కోసారి వారం తిరిగేలోగా అందరూ తుమ్ముతారు. మరోసారి ఎవరికీ ఏమీ కాదు. ఈ తేడా ఎందుకు వస్తుందో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి వ్యాధి సోకుతుందో తెలిపే సంఖ్యను పునరుత్పత్తి సంఖ్య అంటారు. అది 2 అనుకోండి. ప్రతి రోగి సరిగ్గా ఇద్దరికి అంటిస్తాడని దీని అర్థం కాదు. పదిమంది రోగుల్లో ఎనిమిది మంది ఎవరికీ అంటించకుండా, ఒకరు ఇద్దరికి, మరొకరు 18 మందికి అంటించినా సగటు రెండే!

నిజ జీవితంలో జరిగేది ఇంచుమించు ఇదే. 2003లో సింగపూరులో సార్స్ వ్యాధి వచ్చినప్పుడు, మొదటి 201 మంది రోగుల్లో 103 మందికి కేవలం ఐదుగురి నుంచే అది సోకిందని తేలింది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల్లో దాదాపు 85 వేల మంది కోవిడ్ రోగులతో మెలిగినవారి వివరాలను పరిశీలించారు. సుమారు 70 శాతం రోగుల విషయంలో, వారితో మెలిగినవారిలో ఒక్కరికీ వ్యాధి సోకినట్లు కనబడలేదు.

దీనికి ముఖ్యంగా మూడు కారణాలున్నాయి.

మొదటిది శరీరం. గొంతులో, శ్వాసనాళాల్లో ఉండే వైరస్ మోతాదు అందరిలో ఒకేలా ఉండదు. మాట్లాడేటప్పుడు వెలువడే సూక్ష్మ తుంపరలు కూడా కొందరిలో చాలా ఎక్కువ. గొంతు పెంచిన కొద్దీ అవి ఇంకా పెరుగుతాయి.

రెండవది సమయం. సార్స్ రోగులు జబ్బు ముదిరిన రెండో వారంలో ఎక్కువగా వైరస్‌ను వెదజల్లారు. అప్పటికి వారు ఆసుపత్రిలో ఉండేవారు. అందుకే వైద్యులు, నర్సులు ఎక్కువగా దాని బారిన పడ్డారు. కోవిడ్ అలా కాదు. లక్షణాలు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందే అంటుకోగలదు. అంటే, తనకు జబ్బుందని తెలియకుండానే మనిషి నలుగురిలో తిరుగుతాడు.

మూడవది స్థలం. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 61 మంది బృందగాన సాధనకు చేరారు. అందులో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. రెండున్నర గంటల సాధన తరువాత, ఆ ఒక్కరితో కలిపి, నిర్ధారణ అయినవారూ అనుమానితులూ మొత్తం 53 మంది కోవిడ్ బారిన పడ్డారు. ఇద్దరు మరణించారు. నాలుగు గోడల మధ్య, దగ్గర దగ్గరగా, గొంతెత్తి పాడటం వల్ల ఇంత నష్టం జరిగింది. అదే మనిషి ఆ సాయంత్రం ఇంట్లో ఒంటరిగా ఉంటే ఎవరికీ సోకేది కాదు.

దీన్నిబట్టి మీకేం తెలుస్తోంది? శరీరం, సమయం, స్థలం ఈ మూడూ ఒకచోట కలిసినప్పుడే వ్యాధి విజృంభిస్తుంది. కాబట్టి ఎక్కువమందికి అంటించిన వ్యక్తిని దోషిగా చూడటం తగదు. నిందకు భయపడిన రోగి జబ్బును దాచుకుంటాడు. దాచిన జబ్బు మరింతమందికి పాకుతుంది.

ఎవరి శరీరంలో ఎంత వైరస్ ఉందో మనం చూడలేం. స్థలాన్ని మాత్రం మార్చగలం. రేపు మీ తరగతి గదిలోకి వెళ్లగానే కిటికీలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని తెరిచి ఉన్నాయో లెక్కపెట్టండి. మూసి ఉన్నవాటిని తెరవండి. దగ్గు, జ్వరం ఉన్న రోజున ఇంటిపట్టున ఉండండి.