కాగితం చదివే లాయరు రైతు పక్కన ఉండాలి

(చోడవరంలో లా విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపార దావాలు, భూముల దావాలు చూసే లాయరంటే విశాఖలో ఏసీ గది, గుమ్మం ముందు బిల్డర్ల కార్లు గుర్తొస్తాయి. అలాంటి లాయరుకి చోడవరంలో ఏం పని అంటారు. అసలు పని ఇక్కడే ఉంది. ఎందుకంటే భూమి ఇక్కడుంది.

ఆనందపురం నుంచి సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు పడింది. చెరకు మడి ప్లాట్ల లెక్కలోకి వచ్చింది. కొనేవాడు లాయర్ని వెంటబెట్టుకుని వస్తాడు. అమ్మే రైతు పక్కన ఎవరున్నారు? బ్రోకరున్నాడు! సంతకం పెట్టి, తగవు ముదిరాక రైతు మన దగ్గరికి వస్తాడు. అప్పటికే సగం కేసు పోయినట్టే.

ఉద్యోగి మిత్రులు కూడా వినాలి. జీపీఏ, అగ్రిమెంటు చేతికొచ్చినంత మాత్రాన స్థలం మీది కాదు. రిజిస్టరైన సేల్ డీడ్ ఉంటేనే హక్కు అని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అగ్రిమెంటు ప్రకారం రిజిస్టరు చేయమని దావా వేయడానికి గడువు మూడేళ్లే. అందులో తేదీ రాసుంటే ఆ తేదీ నుంచి, లేకుంటే అవతలివాడు కాదన్నాడని తెలిసిన నాటి నుంచి.

ఇక వ్యాపార తగవులు. 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చింది. 2018లో కనీస విలువను కోటి నుంచి 3 లక్షలకు దించారు. అంటే బెల్లం వ్యాపారి బాకీ, చిన్న కాంట్రాక్టరు బిల్లు కూడా అందులోకి రావచ్చు. అర్జెంటు ఊరట అడగని దావాకి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మెట్టు తెలియని లాయరు వేసిన దావా గుమ్మంలోనే తిరిగొస్తుంది.

మాడుగుల దాటి ఘాటెక్కితే చట్టమే వేరు. 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని సవరించిన 1/70 ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి దఖలు పడదు. ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ఏజెన్సీలో సర్కారు భూమినైనా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997 జులై 11న సమత కేసులో తీర్పొచ్చింది. ఆ కేసు అనంతగిరి కొండల నుంచి వెళ్లింది! భూమి లాయరు వృత్తికి అంతకన్నా గౌరవం ఏముంటుంది?

ఈ దారి తేలిక కాదు. లాసెట్ రాయాలి, మూడేళ్లో ఐదేళ్లో చదవాలి, ఎన్‌రోలై బార్ పరీక్ష పాసవ్వాలి. ఎన్‌రోల్‌మెంటు ఫీజు జనరల్‌కి 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు మించరాదని 2024లో సుప్రీంకోర్టు ఆదేశించింది. పేద ఇంటి పిల్లలకు ఇది పెద్ద ఆసరా. తర్వాత కొన్నేళ్లు సీనియర్ దగ్గర చాలీచాలని డబ్బుతో గడపాలి.

ఆ ఏళ్లలో నేర్చుకోవాల్సింది వాదన కన్నా ముందు చదవడం. 1948 ఎస్టేట్ల రద్దు తర్వాతి సెటిల్‌మెంట్ రికార్డు, ఎఫ్‌ఎంబీ, అడంగల్, ఈసీ, 22-ఏ జాబితా. డీ పట్టా భూమైతే 1977 చట్టం, దాని 2023 సవరణ.

ఇంకో మాట. కేసు గెలిస్తే భూమిలో వాటా అనే బేరం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఆ వాటాకు ఆశపడ్డవాడు లాయరు కాడు, ఇంకో బ్రోకరు.

హైకోర్టు 2018 దాకా హైదరాబాదులో ఉంది, 2019 నుంచి అమరావతిలో ఉంది. చోడవరం రైతుకి రెండూ దూరమే. కాబట్టి కాగితం ఇక్కడే, సంతకానికి ముందే సరిగ్గా ఉండాలి.

సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పిల్లలు ఢిల్లీ, బొంబాయి కంపెనీలకు వెళ్లొచ్చు, తప్పులేదు. మీలో పదిమంది మాత్రం ఇక్కడ ఉండండి. రైతు వేలిముద్ర వేసే ముందు "ఆగు బాబాయ్, ఒకసారి చదవనీ" అనండి. ఈ వృత్తిలో మొదటి గెలుపు అదే!